గద్వాల పుట్టినరోజుకు టీకా తాత్పర్యం

మూలం: 11-10-2016.

ప్రతిపదార్థం: 11 = పదకొండవ తేదీన; 10 = అక్టోబరు మాసమందు; 2016 = ఆ అంకెగల సంవత్సరమున. జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాలు అవతరించెను అని క్రియను అధ్యాహారం చేసుకోవాలి.

ఆ దసరానాడు పాత మహబూబ్‌నగర్‌ను విడదీసి ఈ జిల్లాలు చేశారని అందరికీ తెలుసు కనుక అర్థంలో సందేహం ఉండకూడదు. కానీ పాఠాంతరం ఒకటుంది. నెలను ముందు చదివే అమెరికా సంప్రదాయంలో ఇదే మూలానికి నవంబరు 10 అని అర్థం. పెద్ద నోట్లు రద్దయిన మూడోనాడు, జనం పాత నోట్లు పట్టుకుని బ్యాంకుల ముందు బారులు తీరిన రోజది. ఈ పాఠమే ప్రమాణమైతే గద్వాల జిల్లా ఆ క్యూలో పుట్టిందనుకోవాలి. తేదీని చదివే ప్రోగ్రాముకు, అంటే పార్సర్‌కు, ఇందులో దోషమేమీ కనపడదు. పదకొండో నెల ఉంది, అందులో పదో తేదీ ఉంది, వ్యాకరణం శుద్ధం. పాత మహబూబ్‌నగర్ నుంచే తర్వాత విడిపోయిన నారాయణపేటది చూడండి: 17-02-2019. పదిహేడో నెల ఏ పంచాంగంలోనూ లేదు గనక అమెరికా పాఠం అక్కడ బోర్లా పడుతుంది, తప్పు అప్పుడే పట్టుబడుతుంది. నారాయణపేట బతికిపోయింది. ఇంకా గడుసు వ్యాఖ్యాతలున్నారు. పైథాన్ భాషలో ప్రోగ్రాములు రాసేవాళ్లు వాడే డేట్‌యుటిల్ అనే లైబ్రరీ నెలే ముందనుకుని మొదలుపెట్టి, 17 అడ్డం రాగానే చప్పుడు చేయకుండా రోజు ముందున్న పాఠానికి మారిపోతుంది. ఒకే పట్టికలో గద్వాలకొక సంప్రదాయం, నారాయణపేటకొకటి! కాబట్టి ఇక్కడ భయపడాల్సింది చెల్లని తేదీకి కాదు, చెల్లిపోయిన తప్పు తేదీకి.

రెండో మూలం: 31-02-2017. దీని మీద జావా భాషలోనే మూడు మతాలున్నాయి. పాత సింపుల్‌డేట్‌ఫార్మాట్‌ది ఉదారమతం. ఫిబ్రవరికి 28 పోగా మిగిలిన మూడు రోజుల్నీ మార్చిలోకి నెట్టి, మార్చి 3 అంటుంది. 2014లో జావా 8తో వచ్చిన కొత్త లైబ్రరీ, మనం ఏమీ చెప్పకపోతే ‘స్మార్ట్’ మతం పాటించి నెలాఖరుకు కుదించి ఫిబ్రవరి 28 అంటుంది. మూడోది ‘స్ట్రిక్ట్’. అలాంటి రోజు లేదని చెప్పి ఊరుకుంటుంది. విద్వద్గద్వాల అని పేరుపడ్డ సంస్థానపు సభలో ఈ ముగ్గుర్నీ నిలబెడితే మొదటి ఇద్దరికీ శాలువా దక్కేది కాదు. ఎందుకంటే 31-02 ఎలా పుడుతుందో ఆలోచించండి. 13 కొట్టబోయి అంకెలు తిరగబడి ఉండాలి, లేదా మార్చి 31 అనబోయి నెల తప్పి ఉండాలి. ఈ రెంటిలో ఏది నిజమైనా మార్చి 3 తప్పే, ఫిబ్రవరి 28 కూడా తప్పే. మెదక్ సీమ కొల్చారం వాడని చెప్పుకునే మల్లినాథసూరి కాళిదాసుకు వ్యాఖ్య రాస్తూ, మూలంలో ఆధారం లేనిది రాయనని ముందే మాటిచ్చాడు. ఆ మాట నిలబెట్టుకున్నది మూడో మతమొక్కటే. గడియారం విషయంలోనూ ఇదే వరస. 2016-10-11 అని సమయం లేకుండా రాస్తే జావాస్క్రిప్ట్ తనంతట తాను గ్రీనిచ్ అర్ధరాత్రిని చేరుస్తుంది. అది మనకు పదకొండున ఉదయం అయిదున్నర. డాలస్‌లో కూర్చున్న పాలమూరు కుర్రాడికి మాత్రం పదో తేదీ సాయంత్రం ఏడు.

పూర్వపక్షం: ఇచ్చేటప్పుడు నియమం పాటించు, పుచ్చుకునేటప్పుడు ఉదారంగా ఉండు అని జాన్ పోస్టెల్ 1980లో ఇంటర్నెట్ ప్రమాణాల్లోనే రాశాడు కదా? రాశాడు, కాదనడం లేదు. 11.10.2016 అన్నా, 11/10/2016 అన్నా, నెలను అక్షరాల్లో ‘11 అక్టోబరు 2016’ అన్నా పుచ్చుకోవచ్చు, రూపం ఏదైనా తేదీ రాసిన ఫారం ఏ దేశానిదో తెలిసినంత కాలం అర్థం ఒక్కటే. రూపంలో ఉదారత వేరు, అర్థాన్ని మనమే కల్పించడం వేరు. ఆ మాటకొస్తే రూపం నిక్కచ్చిగా ఉన్నా చాలదు. పాత రెవెన్యూ కాగితాల్లో ఫసలీ లెక్క ఉంటుంది. జులై 1న మొదలయ్యే ఆ ఏడాదికి 590 కలిపితే అది మొదలైన మన సంవత్సరం వస్తుంది. మన మూడు జిల్లాలూ ఫసలీ 1426లో పుట్టాయి. ఆ 1426ను క్రీస్తుశకంగా చదివితే ఏ స్ట్రిక్ట్ పార్సరూ అభ్యంతరం చెప్పదు. రెండో దేవరాయలు విజయనగరాన్ని ఏలుతుండగా మన పహాణీ తయారైందని హాయిగా ఒప్పుకుంటుంది. అందుకే తేదీ గడిలో ఏ ఏడాది నుంచి ఏ ఏడాది వరకు రావచ్చో కూడా చెప్పి ఉంచాలి.

ఇంతకన్నా బలమైన ఆక్షేపణ ఇంకొకటి: మీసేవలో గంటసేపు నిలబడ్డ ముసలాయన్ని తేదీ చెల్లలేదని వెనక్కి పంపుతారా? ఆయనకు పుట్టిన ఏడాదే సరిగా తెలియదాయె. ఇది తోసెయ్యదగ్గ మాట కాదు. తేదీ తెలియని వాళ్లకు ఆధార్ కార్డు మీదే పుట్టిన సంవత్సరం ఒక్కటే అచ్చువేస్తారు. అది నిజాయితీ గల పద్ధతి. దాన్ని పాడుచేసేది తర్వాతి ఫారం. రోజు, నెల గడులు నింపందే అది ముందుకు కదలదు, ఆపరేటర్ 01-01 కొడతాడు. గడి అడిగింది, ఆయన ఇచ్చాడు. 2018లో మొదలైన రైతుబీమా 18 నుంచి 59 ఏళ్ల వాళ్లకే. ఆ ఊహించిన జనవరి ఒకటే అయిదు లక్షల బీమా వచ్చేదీ రానిదీ తేల్చవచ్చు. అంటే కడక్ తనిఖీని తప్పుచోట పెడితే అదే అబద్ధాల్ని పుట్టిస్తుందన్న మాట. దీనికి మందు ఉదారమతం కాదు, ఏడాదిని ఏడాదిగానే దాచుకోగల గడి. ఐఎస్‌ఓ 8601 ప్రమాణం సంవత్సరం ఒక్కటే రాసినా ఒప్పుకుంటుంది, మన ఫారాలే ఒప్పుకోవు.

ఇక చెల్లని తేదీ కొడితే ఫారం చూపే ‘దయచేసి సరైన తేదీ నమోదు చేయండి’ అన్న ఎర్రక్షరాల వాక్యానికి టీక అనవసరం, విప్పడానికి అందులో అర్థం ఉంటే కదా. ‘ఫిబ్రవరి 2017లో 31 లేదు, మీరు రాసింది 31-02-2017’ అంటే మీసేవ కుర్రాడు కాగితం వంక మరోసారి చూసి 13 కొడతాడు. ఎదుట మనిషే లేకుండా రాత్రిపూట వేల వరసల ఫైలు లోడవుతుంటే, ఒక్క వరస కోసం మొత్తం ఆపనక్కర్లేదు, దాన్ని ఖాళీ చేసి పోనివ్వనూ కూడదు. మంచి వరసలు లోపలికి పోతాయి. పేచీ వరసను నంబరుతో సహా, రాసింది రాసినట్టే పక్కన పెడితే, పొద్దున మండలాఫీసులో అసలు దరఖాస్తు తీసి చూసి దిద్దుకుంటారు.