దృక్పథం కిలో ఎంత?

ఏసీ హాలు. కాలర్ మైకు తగిలించుకున్న వక్త వేదిక మీద పచార్లు చేస్తూ "పేదరికం జేబులో లేదు, బుర్రలో ఉంది" అంటాడు. చప్పట్లు. అందరినీ లేపి "నేను కోటీశ్వరుణ్ణి" అని మూడుసార్లు అనిపిస్తాడు. ఆ పూట నిజంగా డబ్బు కళ్లజూసేది ఆయనొక్కడే, టికెట్ల మీద.

చెన్నైలో బండి మీద కూరగాయలమ్మే ఆవిడకు ఈ ప్రవచనం వినే తీరిక లేదు. తెల్లారకముందే సరుకు అరువు తేవాలి. ఇలాంటి చిరువ్యాపారులు పొద్దున తెచ్చిన వెయ్యికి సాయంత్రానికి సగటున 47 రూపాయలు వడ్డీ కడుతున్నారని ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో తమ 2011 నాటి పుస్తకంలో రాశారు. నెలకి కాదండీ, రోజుకి! చీకట్లో లేచి, పుచ్చు వంకాయని చూపుతోనే ఏరేసి, పొద్దుగూకేదాకా బేరాలాడే మనిషికి చొరవ లేదనాలంటే వక్తగారికి బోలెడు పాజిటివ్ థింకింగ్ ఉండాలి.

ఆయన చేతికి ఓ సాక్ష్యమూ చిక్కింది: పశ్చిమాఫ్రికాలోని టోగో. అక్కడి 1,500 మంది చిరువ్యాపారుల మీద జరిపిన ప్రయోగం 2017లో 'సైన్స్' పత్రికలో వచ్చింది. చొరవ నేర్చుకున్నవాళ్ల లాభం 30 శాతం పెరిగింది. జమాఖర్చుల వంటి మామూలు పాఠాలు విన్నవాళ్లది 11 శాతమే, అదీ గట్టిగా తేలని లెక్క. ఇంకేం, మైండ్‌సెట్టే సర్వస్వం!

కాస్త ఆగాలి. టోగో రాజధాని లోమేలో ఎవరూ కోటీశ్వరుణ్ణని అరవలేదు. 36 గంటలు పాఠం చెప్పారు. ఆపైన నాలుగు నెలలు శిక్షకుడు నెలకోసారి కొట్టుకే వచ్చి చూశాడు. పెళ్లిగౌన్లు అద్దెకిచ్చే ఒకావిడ, తన ఖాతాదారులు మేలిముసుగుకీ గ్లౌజులకీ ఇంకో కొట్టుకి పోతున్నారని గమనించి అవీ తెచ్చిపెట్టింది. (మన ఫ్యాన్సీ షాపువాళ్లు నవ్వుకుంటారు. గాజులకొచ్చినామెకి పిన్నీసులు కూడా అంటగట్టందే వాళ్లు గడప దాటనివ్వరు.) అది తీరిగ్గా, ఓపిగ్గా నేర్పిన పని. రెండు గంటల ఊకదంపుడూ, చివర్లో సెల్ఫీ కాదు.

అప్పిస్తే చాలన్నవాళ్ల మాటా అంతంతమాత్రమే. హైదరాబాద్‌లో పరిశోధకులు 104 బస్తీలు తీసుకుని, సగంలో సూక్ష్మరుణాల శాఖలు తెరిపించి చూశారు. ముందునుంచీ వ్యాపారం ఉన్నవాళ్లు కొందరు పెంచుకున్నారు, సగటు కుటుంబం ఖర్చు స్థాయి మాత్రం పెద్దగా కదల్లేదు.

ఇక ధీమాయే పెట్టుబడైతే కింగ్‌ఫిషర్ విమానసంస్థ ఇవాళ్టికీ ఆకాశంలోనే ఉండాలి. దాని యజమాని విజయ్ మాల్యాకి ఆత్మవిశ్వాసం తక్కువైందని శత్రువులు కూడా అనరు. 2012 అక్టోబరులో విమానాలు నేలకంటుకున్నాయి. 2016 మార్చిలో ఆయన లండన్ ఎగిరిపోయాడు. అప్పటికి బ్యాంకులకు బాకీ సుమారు 9 వేల కోట్లు. అప్పుడు ఏ వికాస గురువూ ఆయన బుర్రలో లోపం వెతకలేదు.

కూరగాయలావిడ ఒక్క సాయంత్రం ఆ 47 రూపాయలు ఎగ్గొడితే, మర్నాడు ఆమె బండి మీద వంకాయలుండవు.