దాణా పాఠం సిలబస్‌లో లేదు

2006 సెప్టెంబరులో అహ్మదాబాద్ ఐఐఎంలో అప్పటి రైల్వే మంత్రి లాలూ ప్రసాద్ యాదవ్ గారు పాఠం చెప్పారు. రేపోమాపో సూటు తొడుక్కోబోయే పిల్లలు బుద్ధిగా విన్నారు. అదే ఏడాది హార్వర్డ్, వార్టన్ విద్యార్థులు ఢిల్లీ దాకా వచ్చి మరీ ఆయన ఎదుట కూర్చున్నారు. ఆవు పాలు పూర్తిగా పిండకపోతే దానికే జబ్బు చేస్తుందన్నది ఆయన రైల్వే సిద్ధాంతం. దాణా కుంభకోణం సంగతి 2013లో ఆయన్ని దోషిగా తేల్చి రాంచీ సీబీఐ కోర్టు చెప్పింది. ఆ క్లాసుకు హాజరు తప్పించుకోలేకపోయారు.

పిండిన పాలెక్కడివి? గూడ్సు వ్యాగన్లలో పరిమితికి మించి సరుకెక్కించడం అంతకుముందూ దొంగచాటుగా జరిగేదే. ఆయన హయాంలో పరిమితి పెంచి, ఆ అదనపు టన్నులకు రైల్వేయే కిరాయి పుచ్చుకుంది. వ్యాగన్లు యార్డుల్లో ఊరికే పడి ఉండే సమయం తగ్గించారు. తెలివైన పనే, కాదనను. అందులో ఓఎస్‌డీ సుధీర్ కుమార్ వంటి అధికారుల లెక్కలెన్నో! 2009లో తర్వాతి మంత్రి మమతా బెనర్జీ శ్వేతపత్రం పెట్టి, రైల్వే మిగులు లాలూగారు చెప్పినంత లేదన్నారు. అప్పటికి చప్పట్లు అయిపోయాయి.

లాలూగారికి అసలు వచ్చిన విద్య వేరు. 1997లో బీహార్ ముఖ్యమంత్రి పదవి నుంచి తాను దిగాల్సి వస్తే, రాజకీయాల వంక చూడని భార్య రబ్రీదేవిని గద్దె మీద కూర్చోబెట్టారు. 2015లో ఇద్దరు కొడుకులు మొదటిసారి ఎమ్మెల్యేలై, ఒకరు ఉపముఖ్యమంత్రి, ఇంకొకరు ఆరోగ్యమంత్రి అయ్యారు. ఐఐఎంకే పాఠం చెప్పిన గురువుకు సొంత పార్టీలో ఒక్క శిష్యుడూ దొరకలేదా? పాఠం ఊరివాళ్లకి, కుర్చీ ఇంటివాళ్లకి.

ఆయన్నొక్కణ్ణే అనడం అన్యాయం. ఇంట్లోనే మంచి శిష్యుడు దొరికినా చిక్కే మరి. 1984లో నాదెండ్ల భాస్కరరావు తిరుగుబాటుతో ముఖ్యమంత్రి పదవి పోయినప్పుడు ఎన్టీఆర్ తన ఎమ్మెల్యేలను కర్ణాటకకు తరలించి కాపాడుకున్నారు. ఆ విద్యను దగ్గరుండి చూసిన అల్లుడు చంద్రబాబు 1995 ఆగస్టులో హైదరాబాద్ వైస్రాయ్ హోటల్లో ఎమ్మెల్యేలను ఉంచి పరీక్ష రాశారు. డిస్టింక్షన్‌లో పాసయ్యారు. మామగారి పదవి పోయింది.

అసలు సిలబస్ అది. బస్సులెన్ని కావాలి, ఫోన్లు ఎవరి దగ్గరుండాలి, ఊగిసలాడేవాడి పక్క గదిలో ఎవరిని పెట్టాలి, అర్ధరాత్రి 'మా ఆవిడకు ఒంట్లో బాగాలేదు' అంటూ చెప్పులు వెతుక్కునేవాణ్ణి ఎలా ఆపాలి. ఏ మాజీ ముఖ్యమంత్రి ఈ కోర్సు పెట్టినా ఫీజు ముందే కడతాను. పెట్టరు. ముందు బెంచీలో కూర్చుని తలెత్తకుండా నోట్సు రాసుకునే కుర్రాణ్ణి చూస్తే గురువుగారికి గుండె దడ.