చుట్టితే చుట్టే!

మైక్రోసాఫ్ట్ వారి సర్ఫేస్ ప్రో ట్యాబ్లెట్ కొన్నదే చంకన పెట్టుకుని ఊళ్లు తిరగడానికి. తిరిగేవాడు దాని వైరు చుట్టి సంచిలో పెట్టక మెడలో దండలా వేసుకుంటాడా? 2016 జనవరిలో మైక్రోసాఫ్ట్ ఆ కరెంటు వైర్లను వెనక్కి పిలిచింది. గట్టిగా చుట్టినా, మెలిపెట్టినా, నలిగినా కొన్నాళ్లకు వేడెక్కి ప్రమాదమట! ఒక్క అమెరికాలోనే సుమారు 22.5 లక్షల వైర్లు. వేడెక్కి మంటలొచ్చాయన్న ఫిర్యాదులు 56, షాక్ కొట్టిందన్నవి 5. పాతది వాడకండి, కొత్తది ఉచితంగా ఇస్తామన్నారు. సంతోషం. (అది చేరేదాకా చార్జింగు దేంతో పెట్టాలో మరి!) పాతకాలం తాతలు పొగాకు చుట్ట చుట్టుకుని, అగ్గిపెట్టె కోసం ఇల్లంతా వెతుక్కునేవారు. పాపం, వాళ్లకు ఈ సదుపాయం లేకపోయింది.