చిరంజీవి రేడియోల ఆయుర్దాయం

ఇంటర్నెట్ రేడియో కొనేముందు దాని అట్టపెట్టె తీరిగ్గా చదవండి. మన హాస్యసాహిత్యంలో ఆ ప్రక్రియకు రావలసినంత పేరు రాలేదు. "ప్రపంచం నలుమూలల నుంచి 30,000 స్టేషన్లు" అని ఉంటుంది ముందు వైపు. స్టేషన్‌కు ఒక్క నిమిషం చొప్పున నిద్రాహారాలు మాని విన్నా దాదాపు ఇరవై ఒక్క రోజులు పడుతుంది. కొన్న పెద్దమనిషి వినేది పొద్దున వార్తలు, మధ్యాహ్నం వివిధభారతి, రాత్రి ఘంటసాల పాటలు వేసేది ఏదో ఒకటి. మిగతా 29,997 స్టేషన్లూ ఆయన ఇంట్లో ఉన్నాయన్న తృప్తికి డబ్బు కట్టాడన్నమాట.

పక్కవైపు తిప్పితే ఇంకో మాట: "ఫ్యూచర్ ప్రూఫ్". రాబోయే కాలం దీన్నేమీ చేయలేదని భావం. మనకు చిరంజీవులు ఏడుగురు. మార్కండేయుణ్ణి కూడా లెక్కేసే వాళ్లకు ఎనిమిది మంది. తొమ్మిదో ఆయన థర్మకోల్ మధ్య పడుకుని, ప్లాస్టిక్ కవరు కప్పుకుని, ఏడాది వారంటీతో వస్తున్నాడు. చిరంజీవికి వారంటీ ఎందుకో, అదీ ఏడాదే ఎందుకో అడగకూడదు.

బ్రెడ్డు ప్యాకెట్టు మీద కూడా ఎప్పటిలోగా తినాలో రాస్తారు. ఎప్పటిదాకా మోగుతుందో ఈ పెట్టె మీద ఎక్కడా ఉండదు. అలాగని తేదీ లేదనుకునేరు. ఉంది, కానీ లోపల ఉంది. ఆ సంగతికి తర్వాత వస్తాను.

ముందు దీన్ని మోగించాలి కదా. విదేశంలో ఉద్యోగం చేసే అబ్బాయి సంక్రాంతికి వస్తూ రిటైర్డ్ హెడ్మాస్టరైన తండ్రికి ఒకటి పట్టుకొచ్చాడనుకుందాం. వైఫై పాస్‌వర్డ్ కొట్టడానికి దానికి కీబోర్డు ఉండదు. గుండ్రటి మీట ఒకటి ఉంటుంది. తిప్పుతుంటే చిన్న అద్దంలో పెద్ద అక్షరాలు, తర్వాత చిన్న అక్షరాలు, తర్వాత అంకెలు, ఆ తర్వాత హాష్, ఎట్, డాలర్ వరసగా కదులుతాయి. కావలసిన దగ్గర ఆపి నొక్కాలి. ఒక్క క్లిక్కు ఎక్కువైతే మరో ప్రదక్షిణం. పాస్‌వర్డ్‌లో పద్నాలుగు అక్షరాలుంటే పద్నాలుగు ప్రదక్షిణాలు.

"ఒరే, పాత మర్ఫీకి మీట తిప్పితే స్టేషన్ వచ్చేదిరా."

"ఇదీ తిప్పడమే కదా నాన్నా."

చివరికి దర్శనమయ్యాక పెద్దాయన ఒకటో నంబరు బొత్తాం నొక్కుతాడు, విజయవాడ వస్తుంది. విజయవాడకీ తన బొత్తానికీ నేరుగా చుట్టరికం ఉందనుకుంటాడాయన. లేదు. బొత్తాం నొక్కగానే రేడియో ముందు ఏ దేశంలోనో ఉన్న ఒక జాబితా కంపెనీ సర్వర్ దగ్గరికి వెళ్లి "అయ్యా, ఫలానా నంబరు స్టేషన్ ఇప్పుడు ఏ చిరునామాలో ఉంటోంది?" అని అడుగుతుంది. ఆ గుమాస్తా చెబితేనే పాట. ఆ గుమాస్తా రేడియో తయారుచేసినవాడి మనిషీ కాదు, స్టేషన్ మనిషీ కాదు. అతని పేరు అట్టపెట్టె మీద భూతద్దం పెట్టి వెతికినా చాలాసార్లు కనపడదు. మొత్తం వ్యాపారమంతా అతను రేపు కూడా ఆఫీసుకు వస్తాడన్న నమ్మకం మీద నడుస్తోంది.

రాని రోజులు ఉన్నాయి. రెసీవా అనే జాబితా సేవను నమ్ముకుని శాంజియన్, గ్రేస్ డిజిటల్ లాంటి ఎన్నో బ్రాండ్లు రేడియోలు అమ్మాయి. 2021 ఏప్రిల్ ఆఖరుకి ఆ సర్వర్ కట్టేశారు. స్పీకర్ బాగుంది, తెర వెలుగుతోంది, వైఫై పట్టుకుంటోంది. చిరునామా చెప్పేవాడే లేడు. అంతకు రెండేళ్ల ముందు, 2019లో, మార్కెట్టులోని ఎన్నో రేడియోల కడుపులో ఉండే మాడ్యూళ్లు చేసే ఫ్రాంటియర్ సిలికాన్ వీట్యూనర్ జాబితాను వదిలి ఎయిరబుల్‌కు మారింది. జనం ఏళ్లతరబడి ఏరి దాచుకున్న ఇష్టమైన స్టేషన్ల పట్టీలు ఆ మార్పులో గల్లంతయ్యాయి. మోగుతున్నాయి కదా, సంతోషించండి అన్నారు.

ఈ జాతకం ఇవాళ్టిది కాదు. ఇంట్లో విడిగా పెట్టుకునే ఇంటర్నెట్ రేడియోలకు ఆదిపురుషుడు కెర్‌బాంగో. 2000లో త్రీకామ్ సంస్థ ఎనిమిది కోట్ల డాలర్లు పోసి ఆ కంపెనీని కొంది, 2001లో మూసేసింది. మార్కెట్టు మొహం సరిగ్గా చూడకముందే పోయిన రేడియో అది. ఒక విధంగా నిజాయితీ గలది, ఎవరి ఇంట్లోనూ ఆశలు పెట్టి చావలేదు.

ఇంత చెబితే కొట్టు కుర్రాడు నవ్వి, "టెక్నాలజీ అన్నాక ప్రమాణాలు మారతాయి కదా సార్" అంటాడు. మారతాయి. ఎలా మారాయో చూద్దాం. బీబీసీ 2015 మొదట్లో విండోస్ మీడియా ప్రసారాలు ఆపేసింది. వాటినే నమ్ముకున్న సెట్లకు ఆ రోజుతో బీబీసీ లేదు. సరే, ఎంపీత్రీ ఉంది కదా అని సర్దుకున్నారు. 2023లో షౌట్‌కాస్ట్ పద్ధతిలో వచ్చే ఆ ఎంపీత్రీ కూడా బీబీసీ తీసేసి, హెచ్‌ఎల్‌ఎస్, డాష్ అనే పద్ధతులు మాత్రమే మిగిల్చింది. ఎంపీత్రీ పేటెంట్ల గడువు 2017లో తీరింది. ఎవరికీ పైసా కట్టకుండా ఎవరైనా వాడుకోగల స్థితికి వచ్చాక దానికి పాతబడిపోయిందన్న పేరు పెట్టారు!

హెచ్‌ఎల్‌ఎస్ అంటే ఆపిల్ 2009లో తెచ్చిన పద్ధతి. ప్రసారాన్ని కొన్ని కొన్ని సెకన్ల ముక్కలుగా కోసి, ముక్కల చిట్టా ఒకటి రాసి పెడతారు. రేడియో ఆ చిట్టా చదువుకుంటూ ముక్కలు ఒక్కొక్కటే తెచ్చి అతికించి వినిపించాలి. సిగ్నల్ తగ్గితే నాణ్యత తక్కువైన తేలిక ముక్కలు తీసుకుంటుంది కాబట్టి బస్సులో ఫోన్ పట్టుకున్నవాడికి పాట తెగకుండా వస్తుంది. అందులో మేలుంది, కాదనను. ఆకాశవాణి ఇంటర్నెట్ ప్రసారాలూ ఎక్కువగా ఈ దారినే వస్తున్నాయి. కాకపోతే ముక్కలు పోగయ్యేదాకా ఆగాలి కాబట్టి అంతా కాస్త ఆలస్యం. 1924 నుంచి బీబీసీ గంట కొట్టే వేళ వేస్తున్న ఆరు 'పిప్' శబ్దాలు ఈ రేడియోలో అరనిమిషం తర్వాత వినిపించినా ఆశ్చర్యం లేదు. వాటిని విని గడియారం సరిచేసుకున్న తరం ఇప్పుడు గడియారం చూసి, రేడియో ఎంత వెనకబడిందో కనిపెట్టవచ్చు.

తప్పు ప్రమాణం మారడంలో లేదు. ఎన్నేళ్ల నాటిదో తెలియని చిప్పుకు కొత్త చెక్క తొడుగు వేసి, చేత్తో పట్టుకోవడానికి తోలు పట్టీ కుట్టి, "అన్ని ప్రమాణాలకూ సిద్ధం" అని అచ్చు వేయడంలో ఉంది. అప్‌డేట్ ఇస్తాంగా అంటారు. ఆ చిప్పులో ఉన్న జ్ఞాపకశక్తి చాలావరకు పాత పనులకే సరిపోతుంది. కొత్త పాఠం చెబుదామంటే చోటేదీ?

ఇప్పుడు లోపలి తేదీ సంగతి. ఈమధ్య స్టేషన్లు తాళం వేసిన దారిలో, అంటే హెచ్‌టీటీపీఎస్‌లో ప్రసారం చేస్తున్నాయి. ఆ తలుపు తీయాలంటే రేడియోలో కొన్ని డిజిటల్ సర్టిఫికెట్లు ఉండాలి. ప్రతి దానికీ గడువు తేదీ ఉంటుంది. ఎన్నో వెబ్‌సైట్లను గుర్తుపట్టడానికి పాత పరికరాలు నమ్ముకున్న అలాంటి సర్టిఫికెట్ ఒకటి 2021 సెప్టెంబరు 30న గడువు తీరిపోయింది. ఆ మర్నాడు పొద్దున అప్‌డేట్లు అందని పరికరాలు చాలావాటికి తెలిసిన తలుపులే తెరుచుకోలేదు. అంటే ఫ్యాక్టరీలోనే తిథి, వారం, నక్షత్రంతో సహా లోపల రాసిపెట్టి ఉంది. అట్ట మీద మాత్రం దీర్ఘాయుష్మాన్‌భవ.

మన దగ్గర ఈ శ్రాద్ధం ఒకసారి ఘనంగా జరిగింది. ఉపగ్రహ రేడియో వరల్డ్‌స్పేస్ గుర్తుందా? ఏ.ఆర్. రెహమాన్ ప్రచారకర్త. తెలుగుకు 'స్పందన' అని ప్రత్యేకంగా ఒక ఛానెల్. చిన్న పలక లాంటి యాంటెన్నాను కిటికీలో పెట్టి, హైదరాబాదులోనైతే ఆగ్నేయం వైపు తిప్పి, పైకి ఎత్తి పట్టుకుంటే ఉపగ్రహం నుంచి గీతలు లేని గాజులాంటి శబ్దం. ఆగ్నేయంలో పెట్టాల్సింది పొయ్యి కదా అని వాస్తు చూసే పెద్దలు సణిగినా, పాట విని ఊరుకున్నారు. 2008లో అమెరికాలో కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. 2009 డిసెంబరు 31తో మన దేశంలో ప్రసారాలు ఆగాయి. అప్పటికి ఉపగ్రహం ఆకాశంలో అక్కడే ఉంది, సెట్టు టేబులు మీద ఇక్కడే ఉంది. ముందుగా కట్టిన చందా మాత్రం ఎటు పోయిందో ఎవరూ చెప్పలేదు.

ఆకాశవాణిది దీనికి తిరగేసిన కథ. డీఆర్ఎం పేరుతో మీడియంవేవ్ మీద ముప్పైకి పైగా డిజిటల్ ట్రాన్స్‌మిటర్లు పెట్టుకుంది. కొన్ని కొత్త కార్లలో తప్ప వాటిని వినే సెట్టు బజారులో దొరకడం గగనం. వాళ్లు సెట్టు ఇచ్చి స్టేషన్ తీసుకెళ్లారు, వీళ్లు స్టేషన్ ఇచ్చి సెట్టు మరిచారు.

ఒకప్పుడు రేడియో ఉంటే ఏటా పోస్టాఫీసుకెళ్లి లైసెన్సు రుసుము కట్టి పుస్తకంలో ముద్ర వేయించుకోవాలి. 1980 దశకంలో అది పోయింది, జనం హమ్మయ్య అనుకున్నారు. ఆ రుసుము కట్టకపోతే ఇన్‌స్పెక్టరు వచ్చి కేసు రాసేవాడేమో గానీ, సముద్రాల అవతల కూర్చుని మన మర్ఫీని మూగదాన్ని చేసే అధికారం పోస్ట్‌మాస్టర్ జనరల్‌కు కూడా ఉండేది కాదు.

అయినా కొంటానంటే కొనండి. కుర్రాణ్ణి 30,000 గురించి అడక్కండి. స్టేషన్ చిరునామా మనమే చేత్తో ఎక్కించుకునే వీలుందా, హెచ్‌ఎల్‌ఎస్ ఆడుతుందా, ఎఫ్ఎం ఉందా, వేరే పరికరం తగిలించే ఆక్స్ రంధ్రం ఉందా అని అడగండి. జాబితా పోయినా చివరి రెండింటితో అది ఎఫ్ఎం రేడియోగానో, స్పీకరుగానో బతుకుతుంది. లాజిటెక్ వాళ్ల స్క్వీజ్‌బాక్స్ ఇంటర్నెట్ ప్లేయర్లు చూడండి. కంపెనీ 2012లో తయారీ మానేసింది, 2024లో ఆన్‌లైన్ సేవ కూడా కట్టేసింది. దాని సర్వర్ సాఫ్ట్‌వేర్ అందరికీ తెరిచి ఉంది కాబట్టి వాడకందార్లే లిరియన్ పేరుతో నడుపుకుంటున్నారు, ఆ పెట్టెలు ఇంకా పాడుతున్నాయి. వాటి అట్ట మీద మాత్రం చిరంజీవి అని ఎవరూ రాయలేదు. అదీ కాదంటే డ్రాయరులో పడున్న పాత ఫోనుకు స్పీకరు తగిలించండి. రేడియో ప్రియులు దాన్ని చూసి మొహం చిట్లిస్తారు, చెక్క తొడుగు లేదని.

ఈ గడువుల సంగతి మీద బ్రిటన్‌లో చట్టం కూడా వచ్చింది. 2024 ఏప్రిల్ 29 నుంచి ఇంటర్నెట్‌కు తగిలే గృహోపకరణాలు అమ్మేవాళ్లు సెక్యూరిటీ అప్‌డేట్లు కనీసం ఎంతకాలం ఇస్తారో బయటపెట్టాలి. ఎంతకాలం ఇవ్వాలో చట్టం చెప్పలేదు, ఎంతో చెప్పమంది అంతే. పైగా అది భద్రతకే. స్టేషన్ల జాబితా ఎన్నాళ్లు నడుపుతారో చెప్పనక్కర్లేదు. కాబట్టి ఏ దొంగా చొరబడలేని, ఏ పాటా బయటికి రాని రేడియోను ఇకమీదట పూర్తి చట్టబద్ధంగా అమ్ముకోవచ్చు.