నూటొకటో గురిగి

పక్క రాష్ట్రపు ఆంధ్రా యూనివర్సిటీ అప్పటి వీసీ నాగేశ్వరరావు గారు 2019లో జలంధర్ సైన్స్ కాంగ్రెస్‌లో కౌరవుల పుట్టుక గుట్టు విప్పారు కదా. మూలకణ పరిశోధన, టెస్ట్‌ట్యూబ్ పద్ధతి, నూరు అండాలు, నూరు కుండలు! పేపరు మడిచి, కరీంనగర్‌లో మాకు తెలిసిన కుమ్మరి తాత దగ్గరికి పోయాను. మా డిగ్రీ కాలేజీలో బీజడ్‌సీ (వృక్ష, జంతు, రసాయనశాస్త్రాలు) చదివే పిల్లలు ఇంకా మైక్రోస్కోపులే పట్టుకొని వేలాడుతున్నారాయె.

"ఎన్ని గావాలె సారూ?"

"నూటొక్క గురుగులు. నెయ్యి పట్టేవి."

"ఇంట్ల పెండ్లా?"

"కాదు తాతా, కాన్పు."

తాత సారె ఆపి నన్ను ఎగాదిగా చూశాడు. "గురిగి కారదని గ్యారంటీ ఇస్త. పిల్లగాని గ్యారంటీ నేనియ్య."

తెలిసినంత వరకే మాట్లాడటం అంటే అదీ. రసాయనశాస్త్రం చదివి జీవశాస్త్రంలో తీర్పులిచ్చే వీసీ గారి పక్కన తాతకూ ఒక కుర్చీ వేయాల్సింది.

ఇక మా కొత్త ప్రాక్టికల్ పరీక్ష. గురిగి కడిగితే రెండు మార్కులు. నెయ్యి పోస్తే మూడు. మూత పెట్టి రెండేళ్లు ఆగితే అయిదు. డిగ్రీ మూడేళ్లే కనుక ఫస్టియర్‌లోనే మూత పెట్టాలి. తర్వాత వైవా.

"పిండానికి 37 డిగ్రీల వేడి ఎక్కడిది?"

"గాంధారి కడుపుమంట సార్."

"ఆక్సిజన్?"

"వ్యాసుల వారు ఊదారు సార్."

"మనిషి పిండం నుంచి మూలకణాలను వేరుచేసింది 1998లో, అమెరికాలో జేమ్స్ థామ్సన్ అంటారే?"

"మన గురిగే ఎత్తుకపోయిండు సార్."

ఫుల్ మార్కులు. ఊళ్లో సంతాన సాఫల్య కేంద్రాల వాళ్లు ఇంక్యుబేటర్లు అమ్ముకొని రంజన్లు కొనుక్కోవచ్చు.

లెక్క దగ్గరే చిక్కొచ్చింది. వీసీ గారు నూరు అన్నారు. భారతంలో అండాల్లేవు, ఉన్నది ఒక్క మాంసపు ముద్ద. వ్యాసుడు చేసినవి నూటొక్క ముక్కలు. నూటొకటో దాంట్లో పుట్టింది దుస్సల. సైన్సు సంగతి దేవుడెరుగు, భారతమూ తప్పే చెప్పారు. ఆడపిల్లను లెక్కలోంచే తీసేశారు.

నా నవ్వు ఆ నూటొకటో గురిగి దగ్గర ఆగిపోయింది.

లెక్కలోకి రాని ఇంకో ఆడపిల్ల గుర్తొచ్చింది. ఆ గోండు పిల్ల ఉట్నూరు హాస్టల్లో ఉండి బీజడ్‌సీ చదువుతుంది. వానాకాలం గూడెం పోయేసరికి ఇంటికొక జ్వరం. మైక్రోస్కోపులో కన్ను పెట్టి చూసిన మనిషి ఆ గూడెంలో ఆమె ఒక్కతే. ఎవరో బాణామతి, చేతబడి అంటారు. చూపులన్నీ ఒంటరి ముసలమ్మ గుడిసె మీదికి పోతాయి. ఆ చూపుల తర్వాత ఏమవుతుందో మన జిల్లా పేజీల్లో ఎన్నిసార్లు చదవలేదు? పళ్లు రాలగొట్టారని, చంపేశారని!

ప్లాస్మోడియం జీవితచక్రం ఆమెకు నోటికొచ్చు. బొమ్మ వేసి, భాగాలు గుర్తించి, మార్కులు తెచ్చుకుంటుంది. "ఇది మనిషి చేసింది కాదు, దోమ చేసింది" అని గూడెం నడుమ నిలబడి గోండిలో ఎట్లా చెప్పాలి? ఎదురు ప్రశ్న వస్తే ఏమనాలి? తెలియనిది తెలియదని ఎట్లా ఒప్పుకోవాలి? మూడేళ్లలో ఒక్క గంటయినా నేర్పామా?

కలకత్తాలో సుభాష్ ముఖోపాధ్యాయ 1978లో నిజంగానే టెస్ట్‌ట్యూబ్ బిడ్డను పుట్టించాడు. సర్కారు కమిటీ నమ్మలేదు. 1981లో ఆయన తన ప్రాణం తానే తీసుకున్నాడు. ఆయన మాటకు దొరకని నమ్మకం, వీసీ గారి కుండలకు దొరికింది. అదీ సైన్స్ కాంగ్రెస్ వేదిక మీద, బడిపిల్లల ముందు.

వానలు పడగానే గూడెంలో మంత్రగాడు ఆ పిల్లను నిలదీస్తాడు: "కుండల పిల్లగాండ్లు పుట్టిండ్రని మీ పెద్దసారే చెప్పిండట. మరి నిమ్మకాయల జెరం పుట్టదా?"

ఆమె ఏం చెప్పాలి, వీసీ గారూ?