నేను చౌమహల్లా గచ్చును

హైదరాబాద్ పాతబస్తీలో, చార్మినార్ నుంచి నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న చౌమహల్లా ప్యాలెస్ గోడల మీది గచ్చును నేను. ఎడ్లు తిప్పే రాతిచక్రం కింద డంగులో నలిగి పుట్టాను కాబట్టి మేస్త్రీలు నన్ను డంగు సున్నం అంటారు. నన్ను చూడటానికని ఎవరూ టికెట్ కొనరు. ఇక్కడి దర్బారు మందిరం ఖిల్వత్ ముబారక్‌లో అడుగు పెట్టగానే చూపు పైకి, 19 బెల్జియం షాండ్లియర్ల మీదికి వెళ్తుంది. అక్కణ్నుంచి అసఫ్‌జాహీ ప్రభువులు కొలువుదీరిన పాలరాతి గద్దె మీదికి దిగుతుంది. ఆ రెండింటి మధ్య ఉన్న స్తంభాల నునుపు, కమానుల వంపు, వాటి మీది లతలు, పూలు నావి. చూపు నా మీద నిలవలేదని నాకు బాధ లేదు. రాజభవనాలు కాలం కలిసివస్తే నిలుస్తాయనీ, కాలం కలిసిరాకపోతే కూలుతాయనీ అనుకుంటూ జనం బయటికి నడిస్తే మాత్రం బాధ. పాత కట్టడం ప్రాణం తీసేది వయసు కాదు, ఏటేటా దానికి చేయాల్సిన చిన్న పనులు ఆగిపోవడమే అన్నది నా బతుకు రుజువు చేసిన సంగతి.

నా పుట్టుక గురించి రెండు మాటలు చాలు. సున్నపురాయిని బట్టీలో దాదాపు 900 డిగ్రీల వేడికి కాలిస్తే అందులోని బొగ్గుపులుసు వాయువు బయటికి పోతుంది. మిగిలినదాన్ని నీళ్లలో తడిపి, ఇసుక చేర్చి, డంగులో మెత్తగా నూరతారు. దక్కనులో బెల్లం, కరక్కాయ నీళ్లు కూడా కలిపేవారు. గోడకెక్కాక గాలిలోని అదే వాయువును ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా తీసుకుంటూ నేను మళ్లీ రాయినవుతాను. నా ఒంటినిండా కంటికి ఆనని రంధ్రాలుంటాయి. వానల్లో పట్టిన చెమ్మను వాటిగుండా ఎండల్లో వదిలేస్తాను. వెంట్రుకంత బీట పడితే, వాననీటిలో కరిగిన నా సున్నమే పేరుకుని దాన్ని పూడుస్తుంది. 1750 ప్రాంతంలో సలాబత్ జంగ్ కాలంలో మొదలైన ఈ కట్టడాలు 1857–69 మధ్య ఏలిన ఐదో నిజాం అఫ్జల్ ఉద్దౌలా హయాంలో పూర్తయ్యాయి. ఇన్ని తరాలు సున్నం నిలవాలంటే దాని మంచితనం ఒక్కటే సరిపోదు. తొలకరికి ముందే తూముల్లో ఆకులు తీయాలి, పగుల్లో మొలిచిన మొక్కను వేరుతో లాగేయాలి, పెద్ద బీటల్ని పూడ్చాలి, వెల్ల వేయాలి. ఏ చరిత్ర పుస్తకానికీ ఎక్కని ఈ పనులే మహళ్లను నిలబెడతాయి.

ఆ పనులు ఆగిపోతే ఏమవుతుందో కూడా నాకు తెలుసు. ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ కింగ్ కోఠిలోనే నివాసం ఉన్నాడు. దర్బారులకూ వేడుకలకూ మాత్రమే నా తలుపులు తెరుచుకునేవి. 1948లో రాజ్యం పోయింది. 1967లో ఆయన కన్నుమూశాక మనవడు ముకర్రం ఝా పట్టాభిషేకం ఇక్కడే జరిగింది. 1971లో రాజభరణాలు రద్దయ్యాయి. వారసుడు ఆస్ట్రేలియా వెళ్లిపోయాడు. ఒకప్పుడు 45 ఎకరాలున్న ఆవరణ 12 ఎకరాలకు అటూ ఇటూగా మిగిలింది. తాళం పడిన ఇంటి చావు పెద్ద చప్పుడుతో రాదు. ముందు ఒక తూము పూడుకుంటుంది. మిద్దె మీద నీళ్లు నిలుస్తాయి. ఆ నీరు గోడలోకి దిగి, లోపలి లవణాలను కరిగించి నా దాకా తెస్తుంది. నీరు ఆరిపోతుంది, లవణం మిగిలి గడ్డకట్టి నన్ను లోపలినుంచి నెడుతుంది. నేను ఉబ్బి, పొడిబారి, పెచ్చులుగా రాలతాను. రాలిన చోట ఇటుక బయటపడుతుంది, ఆ సందులో రావి వేరు దూరుతుంది. పదిమంది చేతులు ఏళ్లు పట్టి తీర్చిన పువ్వు పొడిగా రాలుతుంటే ఊడ్చేసేవాళ్లు కూడా ఉండరు. అదే సున్నం, అవే గోడలు, అవే వానలు. వందేళ్లకు పైగా ఏమీ కానిది కొన్ని దశాబ్దాల్లో శిథిలమైందంటే, మధ్యలో మారినది సంరక్షణ ఒక్కటే.

దీనికి ఎదురు సాక్ష్యం కూడా నా గోడల మీదే ఉంది. ముకర్రం ఝా మొదటి భార్య ఎస్రా రాకుమారి పూనుకుని, వాస్తుశిల్పి రాహుల్ మెహ్రోత్రా చేత ఈ మహళ్లను బాగుచేయించారు. 2005లో ప్రజలకు తలుపులు తెరుచుకున్నాయి. 2010లో యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ పరిరక్షణ పురస్కారాల్లో గుర్తింపు దక్కింది. వయసు మీదపడటమే నా జబ్బు అయితే ఏ మేస్త్రీ దాన్ని నయం చేయలేడు. పని ఆగడం జబ్బు కాబట్టే, పని మళ్లీ మొదలవగానే కోలుకున్నాను.

సున్నం పని ఆలస్యం, ఖర్చు, సిమెంటు పూస్తే గట్టిగా ఉంటుంది కదా అంటారు. సిమెంటు గట్టిదే. పాత గోడ మీద దాని గట్టితనమే కీడు. అది చెమ్మను బయటికి పోనివ్వదు. లోపల చిక్కిన నీరు వెనకున్న సున్నాన్నీ ఇటుకనీ తినేస్తుంది. 2013లో కుతుబ్‌షాహీ సమాధుల పునరుద్ధరణ చేపట్టిన ఆగాఖాన్ ట్రస్ట్, వెనుకటి మరమ్మతుల్లో పూసిన సిమెంటును చెక్కించి మళ్లీ సున్నమే వేయించింది. చౌకగా చేసిన పనికి రెండుసార్లు ఖర్చయింది. 2019లో చార్మినార్ మీనారు నుంచి గచ్చు పెచ్చు ఊడిపడినప్పుడు సున్నాన్ని శంకించినవారూ ఉండవచ్చు. కానీ ఆ మీనార్లు 1591 నాటివి. అంతకాలం నిలిచినదాంట్లో ఒక ముక్క రాలితే అది వైద్యం అడుగుతున్నట్టు లెక్క, పదార్థం పనికిరాదని కాదు.

ఇంతకంటే బరువైన అభ్యంతరం ఒకటుంది. ఈ వైభవమంతా రైతుల శిస్తు, నిజాం సొంతమైన సర్ఫే ఖాస్ భూముల రాబడి, ఊళ్లలో వెట్టి మీద నిలిచినదే. వెట్టికి ఎదురు తిరిగిన తెలంగాణలో, దొరల కాలపు మెరుపును ప్రజలు ఎందుకు కాపాడాలి? ఈ ప్రశ్నలోని కోపం న్యాయమైనది. అయితే ఆ దర్బారులో కూర్చున్నవారి పేర్లూ పటాలూ ఎక్కడ చూసినా ఉన్నాయి. సున్నం నూరినవారి పేర్లు, తట్ట మోసిన ఆడవాళ్ల పేర్లు ఏ గోడ మీదా లేవు. వాళ్లు ఈ లోకంలో వదిలి వెళ్లిన గుర్తు నేనే. నన్ను రాలనిస్తే రాజుకు పోయేదేమీ లేదు, అతని చరిత్ర గ్రంథాల్లో భద్రంగా ఉంది. చెరిగిపోయేది ఆ కూలివాళ్ల చేతి పనితనమే.

మరి ఆసుపత్రో కార్యాలయమో పెట్టి వాడుకుంటే మేలు కదా అనే మాట కూడా ఉంది. వాడుక మంచిదే. కానీ వాడుక ఒక్కటే కాపాడదని ఉస్మానియా ఆసుపత్రి పాత భవనం చెబుతుంది. రోజూ వేలమంది మెట్లెక్కిన ఆ భవనంలో 2020 జులైలో వాననీరు వార్డుల్లోకి చేరింది. రోగులను తరలించి దాన్ని మూసేయాల్సి వచ్చింది. మనుషులు నిండి ఉన్నా మరమ్మతు లేకపోతే కట్టడం అనాథే.

కాబట్టి ఇల్లు ఎవరిదైనా నేను అడిగేది ఒకటే. కూలే దశకు వచ్చాక కోట్లు పోసే బదులు ఏటా కొంత సొమ్ము తూములకూ, బీటలకూ, వెల్లకూ కేటాయించండి. సున్నం పని తెలిసిన మేస్త్రీలకు ఏడాది పొడవునా పనీ, వాళ్ల పిల్లలకు ఆ పని నేర్చుకోదగినంత కూలీ ఇవ్వండి. చూడవచ్చే మీరు కూడా షాండ్లియర్ల కింద ఫొటో దిగాక ఒక్క స్తంభం దగ్గర ఆగి, దీన్ని కిందటి వానాకాలానికి ముందు ఎవరు చూసుకున్నారని అడగండి. ఆ ప్రశ్న అడిగేవాళ్లు పెరిగిన కొద్దీ, దానికి జవాబు సిద్ధంగా ఉంచుకోవాల్సిన బాధ్యత యజమానులకూ ప్రభుత్వాలకూ పెరుగుతుంది.