పచ్చలైటు షావుకారు

కాశీబుగ్గ బస్టాండు దగ్గర టైమెంతయిందని ఎవరినైనా అడగండి గానీ షావుకారుని మాత్రం అడక్కండి. మణికట్టు తిప్పి చూసుకుని "డెబ్బై ఎనిమిది" అంటాడు. టైము కావలసొస్తే ఆయన కూడా గోడగడియారమే చూస్తాడు.

ఈయన ఒక మనిషి కాదు, ఒక రకం. టెక్కలిలో గ్రానైట్ కాంట్రాక్టరు రూపంలో, సోంపేటలో రిటైరైన హెడ్మాస్టరు రూపంలో తిరుగుతున్నది ఈ రకమే. పలాసలో మాత్రం సహజంగానే జీడిపప్పు షావుకారు అయి పుట్టింది. ఆనవాళ్ళు చెబుతాను. అరవై దాటిన వయసు. బెంగళూరులోనో అమెరికాలోనో ఉన్న కొడుకు. ఆ కొడుకు సంక్రాంతికి రాలేక పంపించిన వాచీ. ఎడమచేతి చొక్కా ఎప్పుడూ మోచేతి దాకా మడిచే ఉంటుంది. పుష్యమాసం చలిలో కూడా ఆ ఒక్క చెయ్యి దుప్పటి బయటే పడుకుంటుంది.

ఒకప్పుడు తెల్లారగానే జీడిపిక్కల రేటు ఎంతుందని ఫోన్లు చేసేవాడు. ఇప్పుడు లేస్తూనే రాత్రి గుండె చిట్టా విప్పుతాడు.

"రెండున్నరకి నలభై తొమ్మిదికి పడిపోయింది. అప్పుడు నువ్వేం చేస్తన్నావు?"

"ఏటి సేత్తానండి, పడుకున్నాను," అంటుంది ఇల్లాలు.

"నా గుండె పడిపోతంటే నీకు నిద్రెలా పట్టిందే?"

నిద్రలో గుండె వేగం తగ్గడం మామూలేనని డాక్టరు చెప్పాడు. కానీ పడిపోయిన రేటును మామూలే అనుకోవడం వ్యాపారస్తుడి వల్ల అయ్యే పని కాదు.

వాచీ వెనక వెలిగే పచ్చలైటు గురించి ఆయన చేసే ఉపన్యాసం మా వీధిలో పిల్లలకి కూడా కంఠతా వచ్చు. రక్తం పచ్చటి వెలుగును మింగుతుంది. గుండె కొట్టినప్పుడల్లా మణికట్టులో రక్తం పొంగి ఇంకాస్త ఎక్కువ మింగుతుంది. మింగగా మిగిలి వెనక్కొచ్చిన వెలుగును కొలిచి, దెబ్బకీ దెబ్బకీ మధ్య ఎడం సమంగా ఉందో లేదో వాచీ లెక్క కడుతుంది. పట్టీ వదులైనా, చెయ్యి ఊపినా లెక్క తప్పుతుంది. అందుకే షావుకారు ఈ మధ్య బేరాలు చెయ్యి ఊపకుండా ఆడుతున్నాడు. దాంతో ఎదుటివాళ్ళు ఈయన మెత్తబడ్డాడనుకుని రేటు పెంచేస్తున్నారు.

ఇక ఈసీజీ. వాచీ పక్కనున్న మరమీద రెండో చేతి వేలు ముప్పై సెకన్లు ఆనించాలి. ఒక చేతినుంచి రెండో చేతికి గుండెమీదుగా విద్యుత్తు దారి కుదురుతుంది, గీత వస్తుంది. 1900 దాటిన తొలి ఏళ్ళలో నెదర్లాండ్స్‌లో ఐంతోవెన్ అనే పెద్దాయన ఈ గీత తీయడానికి వాడిన యంత్రం దాదాపు 270 కిలోలు. నడపడానికి అయిదుగురు మనుషులు. రోగి చేతులూ కాలూ ఉప్పునీళ్ళలో ముంచుకుని కూర్చోవాలి. ఆ పనికి ఆయనకి 1924లో నోబెల్ ఇచ్చారు. షావుకారుకి ఇందులో బహుమతి మీద ఆసక్తి లేదు. "అన్ని ఉప్పునీళ్ళా! మన నౌపడా ఉప్పు పంపించుంటే ఎంత సరుకు పోయేదో," అని ఇప్పటికీ నొచ్చుకుంటాడు.

ఒకరోజు పప్పు పొట్టు తీసే ఆడవాళ్ళ మధ్య కూర్చుని, వాళ్ళలో పెద్దావిడ చేతికి వాచీ కట్టాడు. జీడి సొనకి నల్లబడిన వేలు మరమీద పెట్టించాడు. సరిగా రాలేదంది వాచీ. మళ్ళీ పెట్టమన్నాడు.

"ముప్పై సెకండ్లంటే ఎన్ని పప్పులో తెలుసా బావూ? నాకు కిలోకింత అని కూలి. ఆ కూలి నీ వాచీ ఇత్తాదా?"

షావుకారు వాచీ విప్పేసుకున్నాడు. కూలి విషయానికొస్తే ఆయన గుండె ఎప్పుడూ నిలకడగానే ఉంటుంది.

అసలు గొడవ ఒక మాఘమాసం రాత్రి మొదలైంది. ఈసీజీ తీసుకుంటే తేలలేదని వచ్చింది. ఉందంటే మందుంటుంది, లేదంటే నిద్రుంటుంది, తేలలేదంటే ఏముంటుంది? తెల్లారేలోగా పదకొండుసార్లు వేలు పెట్టి, పొద్దున్నే పలాస స్టేషన్లో విశాఖ రైలెక్కాడు. గుండె డాక్టరు ఛాతీకి తీగలు అంటించి ఇరవైనాలుగు గంటలు ఉంచాడు. మధ్యమధ్య ఒకటీ అరా ముందే పడే దెబ్బలున్నాయి, మీకు వాటివల్ల ప్రమాదం లేదు, వెళ్ళి రండి అన్నాడు. గుండుపప్పు డబ్బాలో ఒకటో రెండో బద్దలు కనిపిస్తే సరుకు వెనక్కి పంపరు కదా, ఆ మాట షావుకారుకి వెంటనే అర్థమైంది. కానీ మనసుకి పట్టలేదు. ఏమీ లేదంటే జనం కొబ్బరికాయ కొడతారు. ఈయన మాత్రం అవమానం జరిగినట్టు ముఖం వేలాడేసుకుని తిరిగొచ్చాడు.

వాచీని నేను వెక్కిరించడం లేదు. గుండె పైగదులు లయ తప్పి వణికే జబ్బొకటుంది, ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారు. వణికే గదిలో రక్తం నిలవుండి గడ్డకడుతుంది. ఆ గడ్డ మెదడుకెక్కితే పక్షవాతం. మామూలువాళ్ళకన్నా ఆ ముప్పు అయిదింతలు. చాలామందికి జబ్బున్నట్టే తెలియదు, వాచీ పనికొచ్చేది అక్కడే. స్టాన్‌ఫర్డ్ డాక్టర్లు ఆపిల్ వాచీతో 4,19,297 మందిని గమనించి 2019లో లెక్క చెప్పారు. హెచ్చరిక వచ్చింది 2,161 మందికే, అంటే వందకి సగం మనిషి. వాళ్ళలో తర్వాత ఛాతీకి గుండె లయ రాసే పట్టీ వేసుకుని తిప్పి పంపిన 450 మందిలో జబ్బు కనిపించింది నూటికి 34 మందిలో. ఇది వచ్చిపోయే జబ్బు కాబట్టి, పట్టీ ఉన్న రోజుల్లో కనపడనంత మాత్రాన మిగతావాళ్ళకి లేదని కూడా కాదు. ఇంకొకటి, గుండెపోటును ఈ వాచీ పట్టలేదు. టెక్కలిలో ఒక పెళ్ళిలో పనసకాయ కూర మూడుసార్లు వడ్డించుకుని ఛాతీ పట్టుకున్న షావుకారు, "వాచీ బాగుందంటోంది" అంటూ గంటసేపు ఆసుపత్రికి కదల్లేదు. అది గ్యాసు కావడం ఆయన అదృష్టం.

ఈ షావుకారుకి కవిటి దగ్గర ఒక బావగారున్నాడు. కొబ్బరితోట మనిషి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తోటలో చాలా చెట్లు పడగొట్టేసింది, మిగిలిన వాటితో నెట్టుకొస్తున్నాడు. కిడ్నీలు పాడై వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి పోతాడు. కిడ్నీ జబ్బుకి పేరుపడ్డ ఆ ఉద్దానం ఊళ్ళలో పలకరింపే వేరు. పంట ఎలా ఉందని అడిగే ముందు కిడ్నీల సంగతి చెప్పే క్రియాటినైన్ ఎంతుందని అడుగుతారు. మణికట్టు మీద అంకె వేసుకు తిరగడం షావుకారుకి కొత్త గానీ, ఆ ఊళ్ళలో చదువురాని ముసలమ్మకి కూడా తన అంకె దశాంశంతో సహా తెలుసు.

మొన్న షావుకారు చూడ్డానికి వెళ్ళి, పలకరింపు కాగానే వాచీ విప్పాడు. బావ ఎడమచెయ్యి వెనక్కి లాక్కున్నాడు. అది డయాలసిస్ సూదులు గుచ్చే ఫిస్టులా చెయ్యి, దానికి బీపీ పట్టీ కూడా కట్టకూడదు. కుడిచేతికి కట్టి వేలు పెట్టించాడు. ముప్పై సెకన్లయ్యాక, మొదటిసారికే, గుండె లయ సక్రమం అని వచ్చింది. షావుకారు ముఖం చిన్నబోయింది.

"నాకు తేలలేదంది బావా," అన్నాడు.

"ఆ మాట మాకు కొత్తేటి? నీల్లట్టుకెల్లినారు, మట్టట్టుకెల్లినారు, నెత్తురట్టుకెల్లినారు. ఈ రోగం ఎందుకొత్తందంటే ఇన్నేళ్ళై తేల్నేదనే అంతన్నారు. అయినా పలాసలో రెండొందల పడకల ఆసుపత్రి కట్టీసినారు."

బావ పెళ్ళాం రెండు బొండాలు కొట్టి ఇద్దరి మధ్యా పెట్టింది. రెండూ షావుకారుకే. కొబ్బరినీళ్ళలో పొటాషియం ఎక్కువ, కిడ్నీలు దాన్ని బయటికి పంపలేకపోతే గుండె లయ తప్పి ఆగిపోవచ్చు. సొంత తోటలో కాసిన బొండాం బావ ముట్టడానికి లేదు. నిజానికి ఆ ఇద్దరిలో వాచీ అవసరం ఎవరికో ఏ డాక్టరైనా చెబుతాడు.

"ఇది పొటాషియం సెప్తాదా బావా?"

"చెప్పదు."

"క్రియాటినైన్?"

"అదీ లేదు."

"అది సెప్పే వాచీ వొత్తే సెప్పు. నానూ కడతాను."

షావుకారు బొండాం కింద పెట్టాడు. కళ్ళు చిన్నవి చేసుకుని, ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస అని వేళ్ళమీద ఎంచాడు. ఇంటికి రెండు పోయినా ఎన్ని, టోకున తెస్తే ఎంత, పలాసలో గోడౌను ఎక్కడ! చాలా రోజుల తర్వాత చెయ్యి ఊపుతూ మాట్లాడాడు. కొడుక్కి ఆ రాత్రే ఫోను చేస్తానన్నాడు. వాచీ బావ చేతికే ఉండిపోయిన సంగతి కూడా గమనించలేదు.

"మరి అరువిస్తావేటి?" అన్నాడు బావ.

షావుకారు ఆలోచనలో పడ్డాడు.